తూము మీద ఎర్రగుడ్డ

సారు పోయారన్న కబురు వచ్చేటప్పటికి నేను రొయ్యల గుంట కట్ట మీద నిలబడి ఉన్నాను. ఒక చేతిలో గాజు పలక, రెండో చేతిలో మోగుతున్న ఫోను. పలక మీద రొయ్య నెత్తురు బొట్టు ఒకటి. ఒంట్లో బాగున్న రొయ్య నెత్తురు పలక మీద పడ్డ కాసేపటికే జున్నులాగా బిగుసుకుంటుంది. తెల్లమచ్చ తెగులు తగిలిన రొయ్య నెత్తురు బిగుసుకోదు. నా చేతిలోది బిగుసుకోలేదు. పలక వంచితే నీళ్ళలాగా అంచు దాకా జారింది.

ఫోను చేసింది పక్క గుంట అన్న. "సారు పొయినాడబ్బయా. తెల్లారి నమాజు చేసుకోని కుర్చీలో కూర్చున్నాడంట, అట్నే ఒరిగిపొయినాడంట. నువ్వు బయల్దేరు, నేనూ వస్తా ఉండా" అన్నాడు.

అప్పుడు నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. గుండె మీంచి బరువు దిగినట్టయింది. ఈ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు, అయినా రాయాలి. నెత్తురు బిగుసుకోలేదని తెలిసిన క్షణం నుంచి నేను చేయాల్సిన పని ఒకటుంది. తూము మూసేసి, తూము కొయ్యకి ఎర్రగుడ్డ కట్టాలి. కాలువ పొడవునా గుంటలున్న వాళ్ళందరికీ నా గుంటకి తెగులు వచ్చిందని తెలియాలి. ఆ ఏర్పాటు చేసింది సారే. ఆయన పోయిన రోజున గుంట సంగతి నన్నెవరూ అడగరు, కట్ట దిగి వెళ్ళిపోవచ్చు, రేపు చూసుకోవచ్చు అని నా మనసు ముందు ఆ లెక్క వేసుకుంది. ఆ తరువాతే మనిషి గుర్తొచ్చాడు.

ఆయన దగ్గర చదివిన వాళ్ళంతా కలిసి ఒక సంచిక వేస్తున్నారు, నన్నూ నాలుగు మాటలు రాయమన్నారు. మంచి మాటలు చాలామంది రాస్తారు. నేను కూడా రాస్తాను, ఆయనలో మంచికి కొదవ లేదు. కానీ కట్ట మీద నాకు కలిగిన ఆ ఊరటని దాచిపెట్టి రాస్తే, ఆయన దగ్గర నేను ఏమీ నేర్చుకోలేదని ఒప్పుకున్నట్టే.

నెల్లూరులో డిగ్రీ చదివేటప్పుడు ఆయన మాకు జువాలజీ చెప్పేవారు. విడవలూరు నుంచి రోజూ స్కూటరు మీద వచ్చేవారు. వాళ్ళది బట్టల వ్యాపారం చేసే ఇల్లు. అన్నదమ్ముల్లో ఈయనొక్కడే కొట్లో కూర్చోకుండా పురుగుల వెంటా పుట్రల వెంటా తిరుగుతున్నాడని వాళ్ళ నాన్నకి కోపంగా ఉండేదట. "మా నాయన గుడ్డ కొలిచినాడు, నేను నెత్తురు కొలస్తా ఉండా, అంతే తేడా" అని నవ్వేవారు. చొక్కా ఎప్పుడూ ఇస్త్రీ మడత నలగకుండా ఉండేది. ప్యాంటు మాత్రం మోకాళ్ళ దాకా ఉప్పునీటి చారలు. జేబులో పెన్ను ఉండాల్సిన చోట సన్నసూది సిరంజి.

మొదటి క్లాసులో బల్ల మీద నీళ్ళ తొట్టి పెట్టి, అందులోంచి బతికున్న రొయ్యని తీసి, దాని నెత్తురు ఒక బొట్టు గాజు పలక మీద వేశారు. నీళ్ళలాగా తెల్లగా, తేరిపార చూస్తే లేతనీలంగా ఉంది. తరువాత తన వేలు పొడుచుకుని పక్కనే ఒక ఎర్రబొట్టు వేశారు. "ఈ రెండిట్లో నెత్తురేది?" అన్నారు. అందరం ఎర్రదాన్ని చూపించాం.

"రెండూ నెత్తురే. ఈ తెల్లది పెద్దక్క, ఎర్రది చెల్లెలు" అన్నారు. "ఒంట్లో గాలి మోసే పని నెత్తురుకి తరవాత వచ్చింది. మొదట అది కావలి కాయడానికే పుట్టింది. సముద్రంలో, ఎముక అనేదే లేని కాలంలో, ఒళ్ళంతా తిరుగుతా, లోపలికొచ్చిన పరాయిదాన్ని పట్టుకోని మింగే కణం ఒకటి ఉండేది. రొయ్యలో అది ఇప్పటికీ అదే పని చేస్తా ఉంది. మన ఒంట్లో తెల్లకణం గూడా అదే పని. ఎరుపు చూసి మోసపోవద్దు."

నాది సంగం దగ్గర వరి పండించే ఇల్లు. సముద్రం అప్పటికి సరిగ్గా చూసినవాణ్ణి కూడా కాదు. కావలి కణాలు పోరాటంలో చచ్చిపోతే కొత్తవి ఎక్కడి నుంచి వస్తాయని అడిగాను. అడిగినందుకు ఆయన మొహం వెలిగిపోయింది.

"మీ ఇంట్లో విత్తనపు వడ్లు ఉంటాయా?"

"ఉంటాయి సార్."

"తింటారా?"

"తినం సార్."

"ఆకలేస్తే?"

"ఆకలేసినా తినం. అవి తింటే వచ్చే ఏడు ఏం చల్లుతాం?"

"రొయ్య గూడా తినదు" అన్నారు. వీపు చిప్ప ఎత్తి, పొట్ట మీద దుప్పటిలాగా పరుచుకున్న పల్చటి పొరని సూది మొనతో చూపించారు. "ఇది దాని విత్తనపు గాదె. ఇక్కడుండే మూలకణాలు ఇంకా ఏమీ కాలేదు. ఎప్పుడేది కావాల్నో అది అవుతాయి, నెత్తుట్లోకి పోతాయి. మనకి ఆ గాదె ఎముకలో ఉంది, దీనికి ఎముక లేదు కాబట్టి పొట్ట మీద పెట్టుకుంది. చోటు మారింది గానీ దాచుకునే బుద్ధి ఒకటే. తెల్లమచ్చ ఏం చేస్తాదంటే, ముందు తిండి గింజల మీద, అంటే నెత్తుట్లో తిరిగే కణాల మీద పడతాది, తరవాత ఈ గాదె మీద పడతాది. గాదె పొయినాక ఇంక ఏ మందు పోసినా దండగ."

ఆ తరువాత నేను చాలా పుస్తకాలు చూశాను. మూలకణం గురించి ఇంతకంటే బాగా చెప్పినవాళ్ళు నాకు తగల్లేదు.

ఆ రోజుల్లోనే ఆయన ఇంకొక మాట చెప్పారు. మనకి ఒకసారి అమ్మవారు పోస్తే ఒళ్ళు దాన్ని గుర్తుపెట్టుకుంటుంది, రెండోసారి దగ్గరికి రానీదు. "రొయ్యకి ఆ గుర్తు లేదబ్బయా. కావలి ఉంది, జ్ఞాపకం లేదు. టీకాలు వేస్తామని తిరిగే వాళ్ళని నమ్మొద్దు. దాని తరఫున మీరే గుర్తుపెట్టుకోవాల." మేం పరీక్షలో అదే రాశాం, మార్కులు తెచ్చుకున్నాం.

చాలా ఏళ్ళ తరువాత, నేను పెళ్ళి చేసుకుని ఈ సముద్రపు పక్కకి వచ్చి గుంటలు పెట్టుకున్నాక, ఒక పొద్దున కాలువ దగ్గర టీకొట్టు ముందు స్కూటరు ఆపి, దిగకుండానే అన్నారు. "అబ్బయా, రొయ్యకి అసలు జ్ఞాపకం లేదని చెప్పినాను గదా. అది పూర్తిగా నిజం కాదంట. ఏదో రొంత గుర్తు ఉంటాదని ఇప్పుడు చదివే వాళ్ళు చెప్తా ఉండారు. ఎట్టా ఉంటాదో వాళ్ళకీ సరిగ్గా తెలీదు. నేను చెప్పింది తప్పు. నీతో చదివినోళ్ళు కనపడితే చెప్పు." టీ తాగుతున్న వాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ ఒక్క మాట దిద్దుకోవడానికి ఆయన ఆ వారమంతా పాత విద్యార్థుల ఇళ్ళకి తిరిగారని తరువాత తెలిసింది. తప్పు చెప్పానని చెప్పుకోవడానికి తిరిగే మేష్టరుని నేను ఇంకొకర్ని చూడలేదు.

ఇంతకీ మా గుంటల సంగతి తెలియని వాళ్ళకి ఒక ముక్క చెప్పాలి. మా గుంటలన్నీ ఒకే ఉప్పుకాలువ మీద వరసగా ఉంటాయి. పోటు వచ్చినప్పుడు అందరం ఆ కాలువలోంచే నీళ్ళు తోడుకుంటాం. పాడైన నీళ్ళు మళ్ళీ ఆ కాలువలోకే వదులుతాం. ఒక గుంటకి తెగులు వచ్చి, ఆ నీళ్ళు వదిలితే, మరుసటి పోటుకి పక్కవాడు వాటినే తోడుకుంటాడు. ఇది అందరికీ తెలుసు. తెలిసే వదులుతారు. గుంటకి జబ్బని బయట పడితే కొనేవాడు రాడు, కౌలుకిచ్చినవాడు మొహం తిప్పుకుంటాడు, ఆడవాళ్ళు బోరింగు దగ్గర ఆ ఇంటి పేరెత్తి దిష్టి తీసినట్టు ఉమ్ముతారు. అందుకని తెల్లారకముందే తూమెత్తి, మిగిలిన రొయ్యని పట్టేసుకుని, ఏమీ ఎరగనట్టు టీకొట్టుకి వస్తారు.

చెప్పింది చేసి చూపించాలని సారు కూడా కాలువ చివర, ఏరు సముద్రంలో కలిసే చోట, ఒక చిన్న గుంట కౌలుకి తీసుకున్నారు. వాళ్ళ కొట్లోంచి ఎర్ర గుడ్డ తాను తెచ్చి, చించి, కాలువ మీద గుంట ఉన్న ప్రతి ఒక్కరికీ ఒక్కో ముక్క ఇచ్చారు. "రోజూ ఒక రొయ్య నెత్తురు చూడండి. బిగుసుకోకపోతే తూము మూసి ఇది కట్టండి. అది చూసి మిగిలినోళ్ళు నీళ్ళు తోడుకోవడం ఆపుతారు. లోపల్నీళ్ళకి బ్లీచింగు వేసి, తెగులు చచ్చినాకే వదలండి." అందరం తలలూపి ముక్క తీసుకున్నాం. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాం, నిజం చెప్పాలంటే.

మొదటి ఎర్రగుడ్డ ఆయన గుంట మీదే పడింది.

ఆ పొద్దున నేను చూశాను. తూము కొయ్యకి గుడ్డ కట్టి, దాని కింద ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్ళో పరీక్ష పేపర్ల కట్ట పెట్టుకుని కూర్చున్నారు. కట్ట మీద నడిచేవాళ్ళంతా బట్టల్లేని మనిషిని చూసినట్టు మొహం పక్కకి పెట్టుకుని పోతున్నారు. పక్క గుంట అన్న మాత్రం ఆగాడు.

"ఏంది సార్ ఇది, ఊరందరికీ తెలిసేటట్టు? గుట్టు చప్పుడు గాకుండా నీళ్ళొదిలేసుకోనుంటే పొయ్యేది గదా."

"వదిలితే యాడికి పోతాయి? నీ గుంటలోకే గదా."

"అయినా సిగ్గు గదా సార్, మీ అట్టాంటోళ్ళకి."

"సిగ్గే. కాదంటినా?" అన్నారు సారు. "కానీ సిగ్గు కట్ట దాటదబ్బయా. తెగులు దాటతాది."

అన్న వెళ్ళిపోయాక నేను దగ్గరికి పోయాను. పేపర్లు దిద్దుతున్నారని అనుకున్నాను. ఆయన చేతిలో ఉన్నది ఒకే పేపరు, మొదటి పేజీ దగ్గరే ఉంది. నేను పక్కన నిలబడి ఉన్నంతసేపూ పేజీ తిరగలేదు. అంతమంది చూపు తప్పించుకుని పోతుంటే ఆయన చెవులు ఎర్రబడి ఉన్నాయి. అమ్మ, అంటే సారు భార్య, ఆ వారమంతా బజారుకి పోలేదని తరువాత విన్నాను. ధైర్యవంతుడికి సిగ్గుండదని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. ఆయనకి సిగ్గు నిండా ఉంది. ఉన్నా కుర్చీ మీంచి లేవలేదు.

ఆ పంటలో కాలువ మీద సారు గుంట ఒక్కటే పోయింది. మిగిలిన వాళ్ళు గుడ్డ చూసి మోటార్లు ఆపుకున్నారు, బతికిపోయారు. ఆయనకి ఆ మాట ఎవరూ చెప్పినట్టు గుర్తు లేదు. తరువాత రెండు మూడేళ్ళు కొందరు గుడ్డ కట్టారు, నేనూ ఒకసారి కట్టాను. ఆ మీదట బయటి వాళ్ళు వచ్చి పెద్ద గుంటలు కౌలుకి తీసుకున్నారు, వాళ్ళు కట్టలేదు. వాళ్ళే కట్టకపోతే మనకేం పట్టిందని మేమూ మానేశాం. సారు ఇచ్చిన ముక్క నా ఇంజను షెడ్డులో డీజిలు తుడిచే మసిగుడ్డ అయింది.

ఆయన తిట్టలేదు. రిటైరయ్యాక స్కూటరు వేసుకుని కాలువ మీద ఒక్కో గుంటకీ వచ్చేవారు. ఏ కట్టయినా ఎక్కేముందు బ్లీచింగు కలిపిన నీళ్ళతో కాళ్ళు కడుక్కునేవారు. ఒక గుంట బురద ఇంకో గుంటకి మోసుకుపోకూడదని. గుడికొచ్చినట్టు వస్తాడని మావాళ్ళు నవ్వేవాళ్ళు. నా భార్య మాత్రం ఆయన కోసం కట్ట మొదట్లో ఒక బకెట్టు, చెంబు పెట్టి ఉంచేది.

ఒకసారి నన్ను ఏటి ఒడ్డున బోర్లించిన పడవ దగ్గరికి తీసుకెళ్ళారు. అడుగుచెక్కకి జిగురు జిగురుగా, పసుప్పచ్చ పూల ముగ్గు వేసినట్టు ఏదో పట్టుకుని ఉంది. పడవవాళ్ళు గీకి పారేసే చెత్త అది. సారు మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం నా చేతికిచ్చారు. "ఇవి ప్రాణులబ్బయా. వెన్నెముక లేని వాటిల్లో మనకి బాగా దగ్గరి చుట్టాలు ఇవే. ఇది ఒక గుంపు, అది ఇంకో గుంపు. పెరగతా పెరగతా అంచులు తగిలినాయి. ఇప్పుడు చూడు."

చూశాను. ఒకచోట రెండు గుంపులు ఒకటైపోయి ఉన్నాయి. ఇంకోచోట మధ్యలో నల్లటి గీత.

"చుట్టరికం ఉంటే నెత్తురు కలుపుకుంటాయి, ఒకదాని మూలకణాలు ఇంకోదాంట్లోకి పోతాయి. లేకపోతే అంచులో కణాలు కొట్టుకోని చస్తాయి, ఆ గీత అదే. వాడు నావాడా కాదా అని అడగడం మన ఒళ్ళు నేర్చుకుంది ఇట్టాంటి వాటి దగ్గర్నే." అని, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ అన్నారు. "వాటికి నయం. గీత గీసుకుంటే నెత్తురు గీత దాటదు. మనం కట్టలు పోసుకోని, నీళ్ళు మాత్రం ఒక్కటే తాగతా ఉండాం."

నన్ను ఉద్దేశించి అన్నారని అప్పుడు నాకు తట్టలేదు.

చివరిసారి వచ్చింది ఈ మధ్యనే. స్కూటరు మీద కాదు, ఆటోలో. బకెట్టు దగ్గర కాళ్ళు కడుక్కోవడానికి వంగలేకపోతే నా భార్య చెంబుతో నీళ్ళు పోసింది. కట్ట ఎక్కేసరికి ఆయాసం. రొయ్యని పట్టుకున్నారు గానీ సూది చేతిలో వణుకుతోంది. నా చేతికిచ్చారు. నేను నెత్తురు తీసి పలక మీద వేశాను. ఇద్దరం తలలు వంచి చూస్తూ కూర్చున్నాం. బిగుసుకుంది. పసిపిల్లాడు నిలబడితే చూసినట్టు నవ్వారు. "మంచి నెత్తురబ్బయా" అన్నారు, నన్ను మెచ్చుకుంటున్నట్టు. తూము కొయ్య వైపు ఒకసారి చూశారు. గుడ్డ ముక్క ఉందా అని అడగలేదు. అడుగుతారేమోనని నేను లేచి టీ తెస్తానని వెళ్ళిపోయాను.

ఇంక సారు పోయిన రోజుకి వస్తాను. ముందురోజు సాయంత్రమే, రొయ్యలు ఎంత తిన్నాయో చూడ్డానికి నీళ్ళలో దించే చెక్ ట్రేలో మేత అలాగే మిగిలి ఉంది, రొయ్యలు కట్ట వారకి వచ్చి తేలుతున్నాయి. నాకు అనుమానం వచ్చింది. నెత్తురు చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే గుడ్డ కట్టాలి. అందుకని చూడలేదు. నీళ్ళు మారిస్తే తేరుకుంటాయేమోనని కొన్ని నీళ్ళు కాలువలోకి వదిలాను. తెలియక వదిలానని చెప్పుకోవడానికి వీలుగా, తెలుసుకోకుండా వదిలాను. తెల్లారి చచ్చిన రొయ్యలు కట్ట వారన కనపడ్డాకే పలక తీశాను. సారు దగ్గర మూడేళ్ళు జువాలజీ చదివిన వాణ్ణి.

విడవలూరులో వాళ్ళ ఇంటి ముందు కాలువ వాళ్ళంతా ఉన్నారు. లోపలికి వెళ్ళి సారుని చూశాను. అమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే పిలిచింది. ఏదైనా ఓదార్పు మాట చెప్పాలని నోట్లో కూడగట్టుకుంటున్నాను.

"నీ గుంట బాగుందా నాయనా?" అంది అమ్మ. "రాత్రి అన్నం తింటా తింటా గూడా అనుకున్నాడు. ఎండలు ముదిరినాయి, కాలువ మీదోళ్ళ గుంటలు ఎట్టుండాయో, పోయి చూసి రావాల అని."

"బాగుందమ్మా" అన్నాను.

శవం ఇంకా ఇంట్లోనే ఉంది. నేను ఆ మాట అన్నది ఆ మనిషికి వినపడేంత దూరంలో.

బయటికి వచ్చాక వేపచెట్టు నీడలో పక్క గుంట అన్న చెయ్యి పట్టుకున్నాడు. "గుంట ఎట్టుందబ్బయా?" అన్నాడు. "బాగుందన్నా. నీదో?" అన్నాను. "దానికేం, బాగుంది" అన్నాడు. మళ్ళీ తనే, "సాయంత్రం పోటుకి నీళ్ళు పెట్టుకోవాల, మట్టి అయిపోతానే పోతా" అన్నాడు. నేను నిన్న వదిలిన నీళ్ళు ఆ కాలువలోనే ఉన్నాయి. నోరు తెరిచాను. అంతలో ఎవరో వచ్చి, జనాజా లేస్తోంది రండని పిలిచారు. ఆ పిలిచిన వాడికి మనసులోనే దండం పెట్టుకున్నాను. ఒకే రోజులో రెండుసార్లు ఆయన చావు నన్ను కాపాడింది.

వాళ్ళ వాళ్ళు నమాజు చేస్తుంటే మేం వెనక నిలబడ్డాం. తరువాత అందరం భుజం మార్చుకుంటూ మోశాం. సమాధి దగ్గర ఒక పెద్దాయన, "మనకి ఎర్రగుడ్డ నేర్పిన మనిషి, ఆయన మాట మీద నిలబడదాం" అన్నాడు. అందరూ తలలూపారు. ఎవరూ ఎవరి మొహం చూడలేదు. నేను ఒక్కణ్ణే తప్పించుకుంటున్నానని అనుకుని, నేను కూడా చూడలేదు. వరసలో వెళ్ళి గుప్పిళ్ళతో మట్టి వేశాం. నా వేళ్ళ సందుల్లో పొద్దుటి రొయ్య వాసన ఇంకా పోలేదు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య కట్ట మొదట్లో నిలబడి ఉంది. షెడ్డులో నేను కడగకుండా వదిలేసిన గాజు పలక ఆమె చేతిలో ఉంది.

"ఇది బిగుసుకోలేదు గదా?"

"లేదు."

"అమ్మకి చెప్పినావా?"

"బాగుందని చెప్పినా."

ఆమె ఆయన కోసం పెట్టిన బకెట్టు వైపు చూసి, "ఇన్నేళ్ళు ఆయన కాళ్ళకి నీళ్ళు పెట్టింది ఎందుకు? కట్టు పో" అంది, ఏడుస్తూ.

షెడ్డులో వెతికాను. సారు ఇచ్చిన ముక్క ఇంజను కింద దొరికింది. ఎరుపు అంచుల్లోనే మిగిలింది, మధ్యంతా నల్లటి నూనె. సబ్బు పెట్టి రుద్దాను, పోలేదు. దాన్నే తీసుకెళ్ళి ముందు తూము పలకలు దించి, సందుల్లో బంకమట్టి కూరి, కొయ్యకి కట్టాను. ముడి వేస్తుంటే నా చెవులు కాలిపోతున్నట్టు తెలిసింది. అప్పుడు గుర్తొచ్చింది కుర్చీలో కూర్చున్న మనిషి, తిరగని పేజీ.

అన్న పక్క కట్ట మీద మోటారు దగ్గర ఉన్నాడు. నా గుడ్డ చూశాడు. మోటారు వేయబోతున్న వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వచ్చి కొడతాడని అనుకున్నాను, కొట్టినా పడదామనుకున్నాను. అతను షెడ్డులోకి పోయి, తలకి చుట్టుకునే ఎర్ర తువ్వాలు ఒకటి పట్టుకొచ్చి, తన తూము కొయ్యకి కట్టాడు. కట్టి, అక్కడే చతికిలబడ్డాడు.

నేను కాలువ గట్టున నిలబడి అడిగాను. "ఎప్పట్నించి అన్నా?"

"నిన్నట్నించి."

"మరి పొద్దున బాగుందంటివే?"

"నువ్వూ అంటివి గదబ్బయా."

నా నీళ్ళే అతని గుంటలోకి పోయాయో, అతని నీళ్ళే నా గుంటలోకి వచ్చాయో ఇంక తేలేది కాదు. అతనూ అడగలేదు, నేనూ అడగలేదు. పోటు ఎక్కుతోంది. కాలువ నిండుతోంది. ఒక్క మోటారు చప్పుడు కూడా వినపడలేదు. తల తిప్పి చూస్తే, అన్న గుంటకి అవతల ఇంకొక కొయ్య మీద ఏదో ఎర్రగా కదిలింది. దానికి అవతల మరొకటి. అలా బయటి వాళ్ళ పెద్ద గుంటల దాకా. ఎవరిదో చీర అంచు, ఎవరిదో పాత లంగా ముక్క, ఎవరో సారు ఇచ్చిన గుడ్డనే మడత విప్పకుండా దాచి ఉంచినట్టున్నారు, అది కొత్తగా మెరుస్తోంది. వీళ్ళంతా పొద్దున నాతోపాటు గుప్పిళ్ళతో మట్టి వేసినవాళ్ళే. అందరి గుంటలూ బాగున్నాయని ఒకరికొకరం చెప్పుకున్న వాళ్ళమే.

సముద్రపు గాలికి ఆ గుడ్డలన్నీ ఒకే వైపు తిరిగి కొట్టుకుంటున్నాయి. కాలువ చివర, ఏరు కలిసే చోట, సారు పాత గుంట కనిపిస్తోంది. అందులో ఇప్పుడు రొయ్యలు లేవు, జమ్ము మొలిచింది. తూము కొయ్య ఒకటి కొంచెం వాలి అలాగే నిలబడి ఉంది. ఆ సాయంత్రం మా కాలువ మీద గుడ్డ లేని కొయ్య అదొక్కటే.